భుజం నొప్పి రద్దయిన రోజు

గత నెల పదకొండో తారీకు, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, మా ఆసుపత్రిలో భుజం నొప్పి పూర్తిగా రద్దయిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రద్దు తీర్మానం ఏకగ్రీవం. వ్యతిరేకించినవారు లేరు, తటస్థంగా ఉన్నవారూ లేరు. ఈ మాట నాకంటే గట్టిగా చెప్పగలవారు కూడా లేరు, ఎందుకంటే తీర్మానాన్ని పుస్తకంలోకి ఎక్కించింది నేనే. నొప్పి నివారణ విభాగంలో పదకొండేళ్లుగా నమోదు గుమాస్తాని. ఎవరికి ఎంత నొప్పి ఉందో, ఎంత తగ్గిందో, తగ్గనివాళ్లు ఏ కాగితం మీద సంతకం పెట్టారో, అన్నీ నా బల్ల మీదుగానే పోవాలి.

పద్దెనిమిది మంది రోగుల నొప్పి ఒకే నిమిషంలో పోయింది. వైద్య చరిత్రలో ఇంతకుముందు ఇలా జరిగిందో లేదో నాకు తెలీదు. మా సూపరింటెండెంటుగారికీ తెలీదు. అయినా జరగలేదనే పత్రికా ప్రకటనలో రాయమన్నారు, రాశాను. ఆ పద్దెనిమిది మందిలో పదకొండో నంబరు మా వదిన. అందుకని ఈ విజయాన్ని మిగతావాళ్ల కంటే నేను కాస్త దగ్గరగా చూశాను.

మా విభాగంలో ఇద్దరు నిపుణులున్నారు. ఒకరు తరంగాల డాక్టరుగారు. సన్నని సూదిని నరం పక్కదాకా పోనిచ్చి, దాని కొసనుంచి రేడియో తరంగాలను విడతలు విడతలుగా పంపుతారు. విడతకీ విడతకీ మధ్య విరామం ఉంటుంది కాబట్టి నరం కాలిపోదు, అరవడం మానేసి నెమ్మదిస్తుంది. రెండో ఆయన రక్తం డాక్టరుగారు. మీ చేతినుంచే కాస్త రక్తం తీసి, గొట్టంలో పోసి, గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. ఎర్రటిదంతా అడుక్కి దిగిపోయి, పసుపుపచ్చని ద్రవం పైకి తేలుతుంది. ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న ఆ ప్లాస్మాని తిరిగి మీ కీలులోకే ఎక్కిస్తారు. దెబ్బతిన్న కండ మళ్లీ అల్లుకోవడానికి అది సాయపడుతుందట. ఒకాయన నరానికి నచ్చజెపుతారు, ఇంకొకాయన కండకి మరమ్మతు చేస్తారు. రెండూ కలిపి చేస్తే బాగుంటుందేమో అని నాలాంటి గుమాస్తాకి కూడా తడుతుంది. ఆ మహానుభావులిద్దరికీ తట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

అందుకు కారణం ఒక ఇనప బీరువా. అది ఎవరి గదిలో ఉండాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, అప్పటినుంచీ వాళ్లిద్దరికీ మాటల్లేవు. బీరువా ఇప్పటికీ వరండాలోనే ఉంది. రెండు గదుల మధ్యా ఒకటే తలుపు, దానికి రెండు వైపులా రెండు గొళ్లేలు, ఎవరి గొళ్లెం వాళ్లు వేసుకుంటారు. చెప్పుకోవాల్సిందేమైనా ఉంటే నా చేతికి చీటీ ఇస్తారు. రోగి ఎవరైనా ఆ గదిలోంచి ఈ గదిలోకి వస్తే, తరంగాల డాక్టరుగారు భుజం తడిమి, "పాపం, మీ రక్తం తీసి మీకే ఎక్కించారా?" అని జాలిపడతారు. ఈ గదిలోంచి ఆ గదిలోకి పోతే, రక్తం డాక్టరుగారు, "ఒంట్లో రేడియో పెట్టించుకున్నారా, పాటలేమైనా వినిపిస్తున్నాయా?" అని వివరంగా కనుక్కుంటారు. ఇద్దరూ ఎంతో శ్రద్ధగల డాక్టర్లు.

ఇలా సజావుగా సాగిపోతుండగా మా సూపరింటెండెంటుగారు ఏదో సదస్సుకు వెళ్లారు. అక్కడ భోజనాలయ్యాక జరిగిన ప్రసంగంలో, సగం నిద్రలో, ఈ రెండు వైద్యాలనూ కలపడం గురించి విన్నారు. నిద్రలో విన్న సగం మన దగ్గర అమలు చేయాలని మెలకువ వచ్చాక నిర్ణయించుకున్నారు. తిరిగి రాగానే అందర్నీ సమావేశపరిచి, "ఇవాల్టినుంచి మన దగ్గర తరంగమూ రక్తమూ వేరు కాదు. రెండు నదులు కలిసినట్టు కలవాలి. నదుల్ని ఎవరైనా అడిగారా కలుస్తారా అని? కలిశాయి అంతే" అన్నారు. నదులిద్దరూ చెరో గోడ వైపు చూస్తూ కూర్చున్నారు.

ముందుగా బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న శాస్త్రీయమైన ప్రశ్న తలెత్తింది. దాని మీద రెండు వారాలు పరిశోధన జరిగి, చివరికి బోర్డుని గుండ్రంగా చేయించారు. పేర్లు అంచు చుట్టూ తిరుగుతాయి కాబట్టి ముందూ లేదు, వెనకా లేదు. రోగులు తలలు తిప్పుకుంటూ చదివేవారు. కొందరికి మెడ పట్టేసింది, అది వేరే విభాగం.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఒకే భుజానికి రెండు వైద్యాలూ చేస్తే, నొప్పి తగ్గినప్పుడు అది ఎవరి వల్ల తగ్గినట్టు? తన తరంగాల మంచితనం రక్తం ఖాతాలో పడిపోతుందని ఒకాయన భయం. తన ప్లేట్‌లెట్ల కష్టాన్ని తరంగాలు కొట్టేస్తాయని ఇంకొకాయన అనుమానం. నాలుగు గంటలు చర్చించి, మూడుసార్లు టీ తాగి, సూపరింటెండెంటుగారు రాజీ కుదిర్చారు. మనిషికి భుజాలు రెండు, డాక్టర్లు ఇద్దరు. చెరొకటి. రోగి ఒకరే, రోజు ఒకటే, ఫారం ఒకటే కాబట్టి వైద్యం కలిసినట్టే. నొప్పి ఉన్న భుజం ఎవరిదో, బాగున్న భుజం ఎవరిదో తేల్చడానికి చీటీలు వేశారు, తీసింది నేను. నొప్పి ఉన్నది తరంగాలకు వచ్చింది. రక్తం డాక్టరుగారి మొహం మాడిపోయింది. బాగున్న భుజంలో ఫలితం బాగుండక ఎక్కడికి పోతుందని సూపరింటెండెంటుగారు నచ్చజెప్పాక ఆయన మొహంలోకి మళ్లీ రక్తం వచ్చింది.

ఇక మా వదిన సంగతి. ఆవిడ లెక్కల టీచరు. అన్నయ్య లారీ నడుపుతాడు, నెలలో మూడు వారాలు రోడ్ల మీదే ఉంటాడు, కాబట్టి ఇంట్లో ఉండేది ఎక్కువగా నేనూ ఆవిడే. ఆవిడ మా ఇంటికి వచ్చేనాటికి నేను తొమ్మిదో తరగతి. ఇంట్లో వదిన, బడిలో టీచరు, నాకు ఎక్కడా దాక్కోవడానికి చోటుండేది కాదు. మొదటిరోజే క్లాసులో ఒక నిబంధన పెట్టింది. "అర్థం కానివాళ్లు చెయ్యెత్తండి. ఎత్తనివాళ్లకి అర్థమైనట్టే నా లెక్క. పరీక్షలో ఏడిస్తే నాకు సంబంధం లేదు." ఆ భయానికి నేను ఏడాదంతా చెయ్యెత్తి, రెండో తరగతి లెక్కలనుంచి మొదలుపెట్టి మళ్లీ చెప్పించుకుని గట్టెక్కాను. ఇవాళ ఈ కుర్చీలో కూర్చుని అంకెలు వేస్తున్నానంటే ఆవిడ చలవే.

ఇరవై ఆరేళ్లు నల్లబల్ల మీద రాసీ రాసీ ఆవిడ కుడి భుజం పట్టేసింది. మామూలు మనుషులైతే నొప్పి అని మూలుగుతారు. మా వదిన వంటింటి గోడ పక్కన నిలబడి, చెయ్యి ఎంత పైకి వెళ్తే అక్కడ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తారీకు వేయడం మొదలుపెట్టింది. పిల్లలు ఎదుగుతుంటే గోడ మీద గీతలు గీస్తారే, అలాగే, కాకపోతే ఇవి కిందికి వస్తున్నాయి. మొదటి గీత ఆరడుగుల మూడంగుళాల దగ్గర. ఆరు నెలలయ్యేసరికి నాలుగడుగుల పది. బళ్లో బోర్డు పై వరస ఆరడుగుల ఎత్తున ఉంటుంది. పై సగం ఖాళీగా వదిలేసి ఆవిడ కింద సగంలోనే రాస్తుంటే, ముందు బెంచీల తలకాయలు అడ్డమొచ్చి, వెనక బెంచీల పిల్లలు నిలబడి రాసుకునేవారు.

ఆవిడ హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్లి, బోర్డుని ఒక్క అడుగు కిందికి దించమని అడిగింది. నాలుగు మరలు విప్పి నాలుగు మరలు బిగిస్తే సరిపోయే పని. హెడ్మాస్టరుగారు చాలా విచారించారు. "బోర్డు సంస్థ ఆస్తి కదమ్మా. మీకు నొప్పి ఉందని మీరంటే సరిపోదు, ఆసుపత్రి అనాలి. వచ్చే సెలవులు అయ్యేలోపల నొప్పి ఉన్నట్టు పత్రం తెండి, దించేద్దాం. లేకపోతే పై వరసలో రాయండి. రెండూ కుదరదంటే పదో తరగతి ఇంకొకరికి ఇవ్వక తప్పదు" అన్నారు. పదో తరగతి లేని మా వదినని నేను ఊహించుకోలేను. ఆవిడ కూడా ఊహించుకోలేదు. అందుకే మా ఆసుపత్రికి రమ్మని నేనే పిలిచాను.

నిబంధన ప్రకారం ముందు నొప్పి ఎంతో నా బల్ల దగ్గర నమోదు కావాలి.

"సున్న నుంచి పది లోపు ఎంత వదినా?" అని అడిగాను.

"పది అంటే ఏమిటి?"

"నువ్వు ఊహించగలిగినంత నొప్పి."

"అంటే నా ఊహ పెద్దదైతే నొప్పి చిన్నదవుతుంది, ఊహ చిన్నదైతే నొప్పి పెద్దదవుతుంది. ఇదేం కొలతయ్యా?"

"ఫారంలో గడి ఖాళీగా ఉండకూడదు వదినా."

"నాలుగడుగుల పదంగుళాలు. అది వేసుకో. కొలిచిన అంకె."

"అంగుళాలకి గడి లేదు."

ఆవిడ నన్ను తొమ్మిదో తరగతిలో చూసినట్టే చూసింది. "అయితే ఏడు వేసుకో. రెండు ముక్కలుగా విరగని అంకె."

ఏడు వేశాను. వైద్యం తర్వాత నొప్పి సగానికి తగ్గితే విజయం అని ఫారం కింద రాసి ఉంటుంది. ఏడులో సగం మా గడిలో పట్టదని అప్పుడు నాకు తట్టలేదు.

ఆరో తారీకున ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి సాయంత్రంలోగా పద్దెనిమిది మందికీ వైద్యం పూర్తి చేశారు. జుట్టు కత్తిరించే ఆయన, గోడలకు రంగులు వేసే ఆయన, బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ, ఇలా అందరూ కుడి చెయ్యెత్తి బతికేవాళ్లే. తలుపుకి రెండు వైపులా గొళ్లేలు ఆ ఒక్కరోజుకి తీశారు. వదిన కుడి భుజం ముందు తరంగాల గదిలోకి వెళ్లింది. నరం పక్కన సూది పెట్టి, యంత్రం ఆన్ చేసి, ఆయన చాలా శ్రద్ధగా తన పని చేశారు. ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత ఎడమ భుజం రక్తం గదిలోకి వెళ్లింది.

"నాకు ఎడమ భుజం బాగానే ఉందండీ" అంది వదిన.

"ఎంత కాలంనుంచి?" అని రక్తం డాక్టరుగారు అడిగారు.

"పుట్టినప్పటినుంచి."

"దీర్ఘకాలికం" అని ఆయన రాసుకుని, సూది గుచ్చారు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆవిడ నా వైపు చూసింది. నేను ఫారం వైపు చూశాను. ప్లాస్మా ఎక్కించిన భుజం వారం పది రోజులు బిగుసుకుపోయి ఉంటుందని, కంగారు పడనక్కర్లేదని, మేమిచ్చే కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది నిజంగా మామూలు సంగతే. నొప్పి ఉన్న భుజానికే ఆ సూది వేసి ఉంటే ఎవరూ దాన్ని తప్పు పట్టరు. ఇక్కడ మాత్రం ఇంటికి వెళ్లేటప్పటికి ఆవిడకి పనికొచ్చే చెయ్యంటూ లేకుండా పోయింది. మూడు రోజులు ఆవిడ జడ నేనే వేశాను. నాకు జడ వేయడం రాదు, ఆవిడ నవ్వలేదు.

మూడో రోజున పద్దెనిమిది మందికీ ఫోన్లు చేసి అంకెలు అడిగాను. వదిన దగ్గర మాత్రం ఎదురుగా కూర్చునే అడిగాను. "కుడి ఆరు, ఎడమ ఎనిమిది" అంది. మిగతావాళ్లవీ అటూ ఇటూగా అంతే. సూపరింటెండెంటుగారు కాగితం చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఎడమ గడులు కొట్టేయమన్నారు. ఎడమ భుజానికి వైద్యానికి ముందు నొప్పి నమోదు కాలేదు కాబట్టి, తర్వాత నమోదు కావడానికి వీల్లేదన్నారు. కొట్టేశాను. కుడి గడులు మిగిలాయి. ఏడు కాస్తా ఆరయింది, సగం కాలేదు.

"అంకెలు రోగుల్ని గందరగోళ పెడుతున్నాయి. పదకొండో తారీకున ముఖ్య అతిథిగారు వస్తున్నారు, హాలు తీసుకున్నాం, కార్డులు వేశాం. అందరికీ అర్థమయ్యే సులువైన కొలత ఏదైనా లేదా?" అని ఆయన నిట్టూర్చారు.

చెప్పింది నేనే. ఎవరి మీదకీ నెట్టను. ఆ క్షణంలో తొమ్మిదో తరగతి గుర్తొచ్చి, పై అధికారి దగ్గర తెలివైనవాడిలా కనబడాలని నోరు ఊరుకోక, "సభలోనే అడిగేద్దాం సార్. నొప్పి ఉన్నవాళ్లు చెయ్యెత్తండి అందాం. ఎత్తనివాళ్లకి లేనట్టే లెక్క" అన్నాను. పదకొండేళ్లుగా భుజం నొప్పులు నమోదు చేస్తున్న మనిషికి ఆ మాట అంటున్నప్పుడు భుజాలే గుర్తురాలేదు. సూపరింటెండెంటుగారు లేచి నా భుజం తట్టారు. నాకేమీ నొప్పి పుట్టలేదు.

పదకొండో తారీకున హాలు నిండిపోయింది. ఆసుపత్రి సిబ్బంది, బంధువులు, పత్రికలవాళ్లు, మొత్తం రెండు వందల మందికి పైనే. రోగుల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో గుండ్రటి బిళ్ల తగిలించారు. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎంతో క్రమశిక్షణగా కూర్చున్నారు. నేను వదిన వరస చివర, చిన్న బల్ల దగ్గర, తీర్మానాల పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. ఆవిడకీ నాకూ మధ్య ఒక్క ఖాళీ కుర్చీ.

ముఖ్య అతిథిగారు ముప్పావు గంట మాట్లాడారు. "నొప్పి అంటే ఏమిటి? అది ఒక అలవాటు. మన పెద్దవాళ్లకి నొప్పి ఉండేదా? ఉండేది. చెప్పేవారా? చెప్పేవారు కాదు. చెప్పకపోవడమే సగం వైద్యం. మిగతా సగం ఈ ఆసుపత్రి చేసింది" అన్నారు. తరంగాల డాక్టరుగారు లేచి, ఈ విజయంలో తన వాటా గురించి మాట్లాడి, సహకరించిన విద్యుత్తు శాఖకు కృతజ్ఞతలు చెప్పారు. రక్తం డాక్టరుగారు లేచి, తాను ముట్టుకున్న భుజాల్లో ఒక్కదానికి కూడా అంతకుముందు నొప్పి లేదని గణాంకాలతో నిరూపించారు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చున్నారు. మధ్యలో పూలకుండీ పెట్టాం.

మూడు గంటల తొమ్మిది నిమిషాలకు సూపరింటెండెంటుగారు మైకు ముందుకొచ్చారు. "ఇప్పుడు అసలైన పరీక్ష. మేము చెప్పడం కాదు, రోగులే చెప్పాలి. ఇంకా నొప్పి ఉన్నవాళ్లు దయచేసి చేతులెత్తండి."

ముందు వరసలో చిన్న కదలిక మొదలైంది. రంగులు వేసే ఆయన మోచెయ్యి కుర్చీ చెయ్యి మీదనుంచి రెండంగుళాలు లేచి మళ్లీ అక్కడే వాలింది. ఇస్త్రీ చేసే ఆవిడ ఒక చేత్తో ఇంకో చేతిని లేపబోయింది, లేపే చెయ్యే లేవలేదు. జుట్టు కత్తిరించే ఆయన ఉండబట్టలేక, "నాకు నొప్పిగానే ఉందండీ" అని పైకే అన్నాడు.

"మాటలు తర్వాత. ప్రస్తుతం చేతులే లెక్క" అని సూపరింటెండెంటుగారు ఎంతో మర్యాదగా ఆపారు.

మా వదిన కుడి చెయ్యి ఒడిలోంచి లేచింది. ఛాతీ దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఆవిడ పెదవి కొరుక్కుని ఇంకాస్త ప్రయత్నించింది. ఒంట్లో ప్రాణమంతా భుజంలోకి తెచ్చుకున్నట్టు మొహం ఎర్రబడింది. వేదిక మీదనుంచి చూసేవాళ్లకు అది గుండె మీద చెయ్యి వేసుకున్నట్టు కనిపించింది. ముఖ్య అతిథిగారు అది కృతజ్ఞత అనుకుని ఆవిడకి చెయ్యి ఊపారు కూడా.

అప్పుడావిడ ఖాళీ కుర్చీ మీదుగా నా వైపు ఒరిగి, మెల్లగా అంది. "నువ్వెత్తవయ్యా. నా తరఫున."

నా చేతిలో కలం ఉంది. నేను అధికార హోదాలో ఉన్నాను. నమోదు చేసేవాడు చెయ్యెత్తవచ్చా లేదా అన్నది నిబంధనల్లో లేదు. ఇవన్నీ తర్వాత ఆలోచించుకున్న కారణాలు. అసలు కారణం, సూపరింటెండెంటుగారు నా వైపే చూస్తున్నారు. నాకు భయం వేసింది. సిగ్గుగా ఉంది గానీ నిజం అదే. తల వంచుకుని పుస్తకంలో రాశాను: చేతులెత్తినవారు, లేరు.

చప్పట్లు మారుమోగాయి. ముందు వరసవాళ్లు మాత్రం కొట్టలేదు. 'ఆనందాతిశయంతో రోగులు నిశ్చేష్టులయ్యారు' అని నమోదు చేయమన్నారు, చేశాను. నొప్పి విముక్తి పత్రాలు పంచారు. అందుకోవడానికి ఎవరి చేతులూ చాలినంత ముందుకి రాకపోవడంతో, పత్రాలు ఒళ్లో పెట్టి ఫొటోలు తీశారు. ఫొటోలు బాగా వచ్చాయి.

సెలవులు అయిపోయాయి. వదిన బడికి వెళ్లి హెడ్మాస్టరుగారి ముందు నిలబడింది. ఆయన దగ్గర అప్పటికే పత్రిక ఉంది, మొదటి పేజీలో ఆవిడ ఫొటో ఉంది.

"నొప్పి ఉన్నట్టు పత్రం తెమ్మన్నాను. మీరు లేనట్టు తెచ్చారు. లేనప్పుడు బోర్డు ఎందుకు దించాలి? నొప్పి లేకపోయినా రాయడం లేదంటే దాన్ని ఏమంటారో మీకు నేను చెప్పాలా టీచరుగారూ" అన్నారాయన. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవరు.

పదో తరగతి పోయింది. ఆవిడని పటాల గదిలో వేశారు. అక్కడ పాత గ్లోబులు, విరిగిన స్కేళ్లు లెక్కపెట్టి జాబితా రాయాలి. పదో తరగతికి కొత్త మాస్టారు వచ్చాడు. మంచి కుర్రాడే, కాకపోతే పొట్టి. మొదటిరోజు పై వరస అందక ఇబ్బంది పడ్డాడు. రెండో రోజు పొద్దున్న మరలు విప్పే ఆయన వచ్చి, బోర్డుని సరిగ్గా ఒక అడుగు కిందికి దించి వెళ్లాడు. పావుగంట పట్టిందట. పత్రం ఎవరూ అడగలేదు, పొట్టితనం కంటికి కనబడుతుంది కదా.

రెండు వారాలకి వదిన ఎడమ భుజం తనంతట తను మామూలైపోయింది. కుడి భుజం కూడా కాస్త మెరుగుపడింది. ఒకరోజు వంటింటి గోడ దగ్గర నిలబడి ఆవిడ కొత్త గీత గీసింది. ఐదడుగుల రెండంగుళాలు. దించిన బోర్డు పై వరస ఐదడుగుల దగ్గర ఉంది. ఆవిడ ఆ రెండు అంకెల్నీ గోడ మీదే ఒకదాని కింద ఒకటి వేసి, తీసివేసి, శేషం రెండు అని రాసి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుంది.

"వైద్యం పనిచేసిందయ్యా" అంది. "ఇంకో సూది కూడా ఈ భుజానికే వేసుంటే ఇంకా పనిచేసేదేమో."

"వదినా, ఆ చెయ్యెత్తే పద్ధతి నేనే చెప్పాను. నీ క్లాసులో నేర్చుకున్నదే" అన్నాను. ఎప్పటినుంచో దాచుకున్న మాట.

"తెలుసు. కాపీ కొట్టినా సరిగ్గా కొట్టలేదు నువ్వు" అంది. "నా క్లాసులో చెయ్యెత్తలేని పిల్లలు ఎవరూ లేరు. ముందు అది చూసుకునే నేను ఆ నిబంధన పెట్టాను."

తర్వాత అటక మీదున్న పాత లెక్కల పుస్తకాల పెట్టె దించమని అడిగింది. పటాల గదికి తీసుకెళ్లి, ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే పిల్లలకి చెప్పుకుంటుందట. నేను కుర్చీ కూడా వేసుకోకుండా, నిలబడిన చోటునుంచే చెయ్యి చాచాను. చెయ్యి నిటారుగా, తేలిగ్గా, అటక దాకా వెళ్లింది. పెట్టె అందింది.

వదిన కిందనుంచి చూస్తూ నిలబడింది.

"బాగానే లేస్తోందే నీ చెయ్యి" అంది.

నేను పెట్టె దించి, దుమ్ము దులిపి ఆవిడకి ఇచ్చాను. ఆ మాటకి నా దగ్గర గడి లేదు.

మీరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు, తిట్టుకోండి. కానీ ఆ హాల్లో భుజాలు బాగున్నవాళ్లు నేను కాక ఇంకా రెండు వందల మంది ఉన్నారు. జుట్టు కత్తిరించే ఆయన నొప్పిగా ఉందని పైకే చెప్పిన మాట అందరికీ వినబడింది. వాళ్లలో మీవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. వచ్చే నెల మోకాళ్ల నొప్పి రద్దు చేస్తున్నాం, ఇంకా నొప్పి ఉన్నవాళ్లని లేచి నిలబడమంటాం. ప్రేక్షకులకు ప్రవేశం ఉచితం, మెత్తటి కుర్చీలు వేయిస్తున్నాం. మీరు చేయాల్సిందల్లా కూర్చున్న చోటునుంచి లేవకపోవడమే. మీకది కొత్తేమీ కాదు కదా.